తుపాకీ ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి: రాజకీయ హింసపై పరిశోధన చేయాలనుకునే విద్యార్థికి

హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో నేరశాస్త్రం చదువుతున్న మీరు అడిగిన ప్రశ్న ఇది: "ఉగ్రవాదంలో, రాజకీయ హత్యల్లో తుపాకుల వాడకంపై ప్రాజెక్టు చేస్తానంటే మా గైడు ఒప్పుకోవడం లేదు. మన దేశంలో ఉగ్రవాదమంటే బాంబులే, తుపాకుల మీద చదవాలంటే అమెరికా వెళ్లాలి, ఇక్కడ సమాచారమే దొరకదు అంటున్నారు. ఇది నిజమేనా? కాకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?"

మీ గైడు మాటలో కొంత నిజం ఉంది. కానీ ఆ కాస్త నిజం కోసం ఈ అంశాన్ని వదిలేయకండి. రాజకీయ హింస మీద మన దగ్గర జరిగే చర్చంతా భావజాలం చుట్టూ, నాయకుల చుట్టూ, మహా అయితే నిందితుడి జీవితం చుట్టూ తిరుగుతుంది. ఆయుధం ప్రస్తావన వార్త చివరి పేరాలో ఒక్క ముక్కలో ముగుస్తుంది. చాలా ఏళ్లుగా ఈ విషయం చదువుతూ, చెబుతూ వస్తున్న నాకు మాత్రం ఆ చివరి ముక్కే అన్నిటికన్నా నమ్మకమైన ఆధారం అనిపిస్తుంది. మనిషి అబద్ధం చెప్పవచ్చు, సంస్థ తన ప్రకటనను మార్చుకోవచ్చు. తుపాకీ ఎక్కడో ఒకచోట తయారై, ఎవరి చేతుల్లోంచో మారి, ఏదో ఒక దారిన రావలసిందే. ఆ దారిని వెతకడమే మీ పని.

ముందు మనం ఉంటున్న ఊరినే చూద్దాం. ఇక్కడివారికి గుర్తున్న దాడులు చెప్పమంటే 2008 జూలై 25 నాటి వరస పేలుళ్లు, 2010 ఏప్రిల్ 17న చిన్నస్వామి స్టేడియం, 2013 ఏప్రిల్ 17న మల్లేశ్వరం, 2014 డిసెంబర్ 28న చర్చ్ స్ట్రీట్, 2024 మార్చి 1న రామేశ్వరం కెఫే అంటారు. అన్నీ బాంబులే. తుపాకీ దాడులంటే రెండు గుర్తొస్తాయి. 2005 డిసెంబర్ 28న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సదస్సు ముగించుకుని బయటికి వస్తున్నవారిపై కాల్పులు జరిగాయి. ఢిల్లీ ఐఐటీ విశ్రాంత గణితాచార్యుడు ఎం.సి. పురి ప్రాణాలు కోల్పోయారు. 2017 సెప్టెంబర్ 5న రాజరాజేశ్వరి నగర్‌లో పాత్రికేయురాలు గౌరీ లంకేశ్‌ను ఆమె ఇంటి ముందే కాల్చి చంపారు. బాంబు దాడుల్లో గాయపడినవారు చాలామంది, మరణించినవారు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. తుపాకీ దాడులు రెండే, రెండింట్లోనూ ప్రాణం పోయింది.

ఏడు ఘటనలు చూసి సూత్రం కట్టకూడదు, ఆ తప్పు మీరు చేయకండి. అయితే ఇదే ధోరణి పెద్ద లెక్కల్లోనూ కనిపిస్తుంది. అమెరికా, కెనడా, పశ్చిమ ఐరోపా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో 2002 నుంచి 2016 వరకు జరిగిన 2,817 ఉగ్రవాద దాడులను వైద్య పరిశోధకుల బృందం ఒకటి పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించింది. తుపాకీ వాడిన దాడులు అందులో పదో వంతు కూడా లేవు. మరణాల్లో మాత్రం సగానికి పైగా వాటి వల్ల సంభవించినవే.

ఎందుకిలా జరుగుతుంది? నేరశాస్త్రంలో ఈ ప్రశ్న పాతదే. 1968లో ఫ్రాంక్లిన్ జిమ్రింగ్ చికాగో నగర పోలీసు రికార్డులు తీసుకుని కత్తి దాడులనూ తుపాకీ దాడులనూ పోల్చి చూశారు. కత్తి పట్టినవాడికీ తుపాకీ పట్టినవాడికీ ఉద్దేశంలో అంత తేడా కనిపించలేదు. ఎదుటివాడు బతికాడా పోయాడా అన్నదాన్ని మాత్రం ఆయుధం చాలావరకు నిర్ణయించింది. 1972లో ఆయనే చిన్న క్యాలిబర్, పెద్ద క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం) తుపాకులను పోల్చి అదే మాట మరోసారి చెప్పారు. తర్వాత ఫిలిప్ కుక్ వంటివారు దీన్ని ముందుకు తీసుకెళ్లారు. మీ గైడు ఇక్కడ అడ్డు చెప్పవచ్చు: అవి క్షణికావేశపు తగాదాలు, ఉగ్రవాదికి చంపాలన్న ఉద్దేశం ముందే గట్టిగా ఉంటుంది, కాబట్టి ఆయుధం మారినా ఫలితం మారదు అని. ఈ వాదనకు 2011 జూలై 22న నార్వేలో జరిగిన ఘోరమే జవాబు. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే ఉద్దేశంతో రెండు ఆయుధాలు వాడాడు. ఓస్లోలో ప్రభుత్వ భవనాల దగ్గర పేల్చిన బాంబుకు 8 మంది బలయ్యారు. ఉతోయా ద్వీపంలో ఒక రైఫిల్‌తో, ఒక పిస్టల్‌తో జరిపిన దాడిలో 69 మంది చనిపోయారు. ఆ రెండు తుపాకులూ చట్టప్రకారం కొన్నవే. ఒకటి వేట లైసెన్సు మీద, రెండోది షూటింగ్ క్లబ్ సభ్యత్వం మీద తీసుకున్నాడు. అంత గట్టి ఉద్దేశం ఉన్నవాడి విషయంలోనూ మృతుల సంఖ్యను మార్చింది చేతిలోని ఆయుధమే.

మరి తుపాకీ అంత ప్రాణాంతకమైతే మన దగ్గర బాంబులే ఎందుకు ఎక్కువ? మీ గైడు ఈ అంశాన్ని పక్కన పెట్టడానికి చెప్పిన కారణాన్నే మీరు పరిశోధన ప్రశ్నగా పట్టుకోవాలి. నా అభిప్రాయంలో జవాబు ఉద్దేశంలో కాక సరఫరాలో ఉంది. రాతి క్వారీలు, బావుల తవ్వకాలు, రోడ్డు పనులు ఉన్నచోటల్లా జిలెటిన్ కడ్డీలు, డిటోనేటర్లు, అమ్మోనియం నైట్రేట్ చేతులు మారుతూ ఉంటాయి. అమ్మోనియం నైట్రేట్‌కు ప్రత్యేక నిబంధనలు వచ్చిందే 2012లో. నమ్మదగిన తుపాకీ, దానికి సరిపడే తూటాలు అంత తేలిగ్గా దొరికేవి కావు. హంతకుడు తాను కోరుకున్న ఆయుధాన్ని ఎంచుకుంటాడని అనుకుంటాం. దొరికినదానితో పని జరుపుకుంటాడన్నదే వాస్తవానికి దగ్గర. రొనాల్డ్ క్లార్క్, గ్రేమ్ న్యూమన్ అనే నేరశాస్త్రజ్ఞులు 2006లో ఉగ్రవాదాన్ని ఈ కోణంలో విశ్లేషించారు. లక్ష్యాలు, ఆయుధాలు, పనిముట్లు, దాడికి వీలు కల్పించే పరిస్థితులు అని నాలుగు అవకాశాలను విడదీసి, వీటిలో ఏది మూసుకుపోయినా దాడి తీరు మారుతుందన్నారు. ఈ చట్రం మన దేశానికి చక్కగా సరిపోతుంది, ఇక్కడ దాన్ని పరీక్షించినవారే తక్కువ.

గౌరీ లంకేశ్ హత్య దగ్గర కాస్త ఆగుదాం. ఆ కేసులో నిందితుల విచారణ సాగుతోంది కాబట్టి ఎవరు చేశారన్న జోలికి నేను వెళ్లను. తుపాకీ గురించే మాట్లాడతాను. 2015 ఆగస్టు 30న ధార్వాడలో పండితుడు ఎం.ఎం. కల్బుర్గిని ఆయన ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు. రెండు హత్యల్లోనూ వాడింది ఒకే 7.65 మిల్లీమీటర్ల నాటు పిస్టల్ అని ప్రయోగశాల పరీక్షల ఆధారంగా దర్యాప్తు బృందం కోర్టుకు చెప్పింది. ఇలాంటి పరీక్షలు మన మడివాళలోని రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలలో జరుగుతాయి. ఎలా చేస్తారో మీరు తెలుసుకోవాలి. ట్రిగ్గర్ నొక్కగానే ఫైరింగ్ పిన్ తూటా వెనుక భాగాన గుచ్చుకుని చిన్న గుంట పడుతుంది. మందు అంటుకున్న ఒత్తిడికి ఇత్తడి గొట్టం వెనక్కి వచ్చి తుపాకీ లోపలి గోడకు బలంగా తగులుతుంది. ఆ గోడ మీదున్న సన్నని గీతలు ఇత్తడి మీద అచ్చు పడతాయి. నిపుణుడు రెండు ఘటనాస్థలాల్లో దొరికిన రెండు ఖాళీ తూటాలను, అంటే ఆ ఇత్తడి గొట్టాలను, పోలిక సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఒకే వలయంలో సగం ఇది, సగం అది కనిపించేలా తిప్పుతూ గీత గీతకు కలుస్తుందా అని చూస్తాడు. ఫ్యాక్టరీ తుపాకుల్లో లోపలి భాగాలు యంత్రం మీద ఒకే తీరుగా తయారవుతాయి. నాటు పిస్టల్‌ను ఆకురాయితో చేత్తో అరగదీస్తారు కాబట్టి దాని గోడ మీది గీతలు మరొక దానికి రావు. అయితే బ్యారెల్ లోపలి పని మొరటుగా ఉండడంతో గుండు మీది గుర్తులు తరచూ పనికిరాకుండా పోతాయి. అందుకే ఇలాంటి కేసుల్లో గుండు కన్నా ఖాళీ తూటాకు విలువ ఎక్కువ.

ఇక్కడ ఒక హెచ్చరిక. "సరిపోలింది" అని నివేదికలో ఉంటే దాన్ని వేదవాక్కుగా తీసుకోకండి. అమెరికా జాతీయ సైన్సు అకాడమీ 2009లో, అక్కడి అధ్యక్షుడి శాస్త్ర సలహా మండలి 2016లో ఈ పోలిక పద్ధతికి ఉండవలసినంత శాస్త్రీయ పునాది ఇంకా ఏర్పడలేదని గట్టిగానే చెప్పాయి. నిపుణుడి కంటికీ అనుభవానికీ విలువ ఉంది, పొరపాటు ఎంత శాతం ఉండవచ్చో తేల్చే ప్రయోగాలు మాత్రం తక్కువ జరిగాయి. మీ ప్రాజెక్టులో ఈ విషయం తప్పకుండా రాయండి.

ఆ పోలిక సరైనదే అనుకుంటే, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి ఉంది. ఒక హత్య చేసిన తుపాకీని దగ్గర పెట్టుకోవడం ఎంత ప్రమాదమో ఎవరికైనా తెలుసు. అయినా రెండేళ్ల తర్వాత అదే బయటికి వచ్చిందంటే, మంచి తుపాకీ సంపాదించడం వారికి అంత కష్టమైన పనై ఉండాలి. పునర్వినియోగం కొరతకు గుర్తు అన్నది నా అనుమానం, దీన్ని పరీక్షించవచ్చు. ఉత్తర ఐర్లాండ్‌లో ఈ పని కొంత జరిగింది. 1987, 88లలో సముద్రం మీదుగా దొంగతనంగా వచ్చిన చెకొస్లొవాకియా తయారీ వీజెడ్-58 రైఫిళ్లలో ఒకటి 1994 జూన్ 18న లాఫిన్‌ఐలండ్ గ్రామంలో ఆరుగురిని బలిగొంది. ఆ సరుకు మొత్తం ఎలా వచ్చింది, ఎలా పంపిణీ అయింది, పోలీసులకు ఎంత తెలుసు అన్నది అక్కడి పోలీసు అంబుడ్స్‌మన్ (పోలీసులపై ఫిర్యాదులు విచారించే అధికారి) 2016 నివేదికలో వివరంగా ఉంది. ఒక్క ఆయుధాల ఓడ ఎన్ని ఇళ్లలో చావు కబురు మోసిందో ఆ నివేదిక చదివితే తెలుస్తుంది. నేరశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ దాన్ని చదవాలి.

ఐరోపా గురించి ఎక్కువ చెప్పను, చదవడానికి అక్కడి పరిశోధన బోలెడంత ఉంది. బెల్జియంలోని ఫ్లెమిష్ శాంతి సంస్థలో నిల్స్ డుకే బృందం 2018లో వెలువరించిన అధ్యయనం నుంచి మొదలుపెట్టండి. ఉగ్రవాదులకు తమదంటూ ప్రత్యేకమైన ఆయుధ మార్గం చాలావరకు ఉండదని, చిల్లర నేరాల్లో, జైళ్లలో ఏర్పడిన పరిచయాల ద్వారానే తుపాకీ చేతికొస్తుందని అందులో తేలింది. 2015 జనవరిలో పారిస్ దాడుల్లో దొరికిన కొన్ని రైఫిళ్లు స్లొవాకియాలో శబ్దం మాత్రమే చేసేలా మార్చిన తుపాకుల పేరిట చట్టబద్ధంగా అమ్ముడుపోయి, తర్వాత మళ్లీ ప్రాణం తీసే ఆయుధాలుగా మారినవే. 2017లో ఐరోపా సమాఖ్య తన తుపాకుల చట్టాన్ని బిగించడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2025 అక్టోబర్ 17న ఛత్తీస్‌గఢ్‌లోని జగ్దల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు ప్రభుత్వానికి లొంగిపోయారు. వారు అప్పగించిన 153 ఆయుధాల జాబితాను అధికారులు విడుదల చేశారు. ఏకే-47లు 19, ఎస్ఎల్ఆర్‌లు 17, ఇన్సాస్ రైఫిళ్లు 23, ఇన్సాస్ లైట్ మెషిన్ గన్ 1, .303 రైఫిళ్లు 36, కార్బైన్లు 4, బ్యారెల్ గ్రెనేడ్ లాంచర్లు 11, పన్నెండు బోరు లేదా ఒంటిగుండు తుపాకులు 41, పిస్టల్ 1. పత్రికల్లో ఇది ఒక పెట్టెవార్తగా వచ్చి పోయింది. మీరు కాగితం మీద రాసుకుని చూడండి. .303 రైఫిల్ బ్రిటిష్ కాలపు నమూనా, దశాబ్దాల పాటు మన జిల్లా పోలీసుల భుజాన ఉన్నదే. ఎస్ఎల్ఆర్ 1960ల నుంచి మన ఆయుధ కర్మాగారాల్లో తయారైనది. ఇన్సాస్ 1990ల చివర బలగాలకు అందినది. వీటికి లైట్ మెషిన్ గన్‌నూ, కార్బైన్లనూ కలిపితే 81. అంటే ఆ కుప్పలో సగానికి పైగా ప్రభుత్వ బలగాలు వాడే రకాలే. విదేశాల నుంచి ఓడలో వచ్చిన సరుకు కాదిది. పోలీసులకు ఒక్కో తరం ఆయుధం అందిన కొద్దీ, కొన్నాళ్లకు అదే తరం అడవిలోకి చేరింది. పోలీసు ఆధునికీకరణ చరిత్రను ఆ జాబితాలో చదువుకోవచ్చు.

ఎలా చేరిందో మనకు తెలియనిదేమీ కాదు. 2004 ఫిబ్రవరి 6న ఒడిశాలోని కోరాపుట్‌లో పోలీసు ఆయుధాగారాన్ని దోచుకున్నారు. 2008 ఫిబ్రవరి 15న నయాగఢ్‌లో వెయ్యికి పైగా ఆయుధాలు ఎత్తుకెళ్లారు. 2010 ఏప్రిల్ 6న దంతెవాడ అడవుల్లో 76 మంది జవాన్లు చనిపోయినప్పుడు వారి ఆయుధాలు కూడా పోయాయి. మీ ఊరికి దగ్గరి ఉదాహరణ పావగడ. 2005 ఫిబ్రవరిలో ఆ తాలూకాలోని వెంకటమ్మనహళ్లిలో కర్ణాటక రిజర్వు పోలీసుల శిబిరంపై రాత్రివేళ దాడి చేసి, పోలీసులను చంపి, ఆయుధాలు పట్టుకెళ్లారు. ఆ ఊళ్లలో చాలామంది తెలుగే మాట్లాడతారు, ఆ రాత్రి గురించి చెప్పగలిగినవారు ఇప్పటికీ ఉన్నారు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణలో పోలీసుల నుంచి, సైన్యం నుంచి ఆయుధం బలవంతంగా లాక్కుంటే పదేళ్ల నుంచి యావజ్జీవం వరకు శిక్ష అని ప్రత్యేకంగా చేర్చారు. చట్టం చేసినవారు ఈ దారిని గుర్తించారన్నమాట. పరిశోధకులు ఇంకా సరిగ్గా కొలవలేదు.

మరో దారి ఊళ్లలోని కొలిమి. బిహార్‌లోని ముంగేర్ పేరు మీరు విని ఉంటారు. లైసెన్సు ఉన్న తుపాకీ తయారీ అక్కడ ఎప్పటినుంచో ఉంది, దాని నీడలోనే దొంగ తయారీ పెరిగింది. 2018లో అక్కడ పట్టుబడ్డ ఏకే-47ల జాడ జబల్‌పూర్‌లోని సైనిక ఆయుధ డిపో దాకా వెళ్లింది. దొంగ తయారీదారు, ప్రభుత్వ గిడ్డంగి, కిరాయి హంతకుడు, రాజకీయ హంతకుడు వేరువేరు లోకాలవారని అనుకుంటే ఈ దారి మీకు కనిపించదు.

రాయలసీమ గురించి ఒక మాట. ఫ్యాక్షన్ హత్యలను ఉగ్రవాదం పట్టికలో ఎవరూ పెట్టరు. కానీ ఎన్నికల కోసం, గ్రామం మీద పెత్తనం కోసం జరిగే హత్య రాజకీయ హింస కాకపోతే మరేమిటి? మనకు తెలిసిన సీమ కక్షల్లో చాలాకాలం నాటు బాంబు, వేటకొడవలిదే రాజ్యం. ముందు బాంబు విసిరి వాహనం ఆపడం, తర్వాత నరకడం. ఇందుకు మందీమార్బలం కావాలి, దాడి చేసేవారంతా ఊరివారే అయి ఉండాలి, సాక్ష్యం మిగులుతుంది. 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ కార్యాలయం దగ్గర ఎమ్మెల్యే పరిటాల రవిని కాల్చి చంపారు. అంగరక్షకులున్న మనిషిని పట్టపగలు జనం మధ్య చంపడానికి పిస్టల్ వచ్చింది. ఆయుధం మారితే హంతకుల సంఖ్య, వారి ఊరు, వారికీ హతుడికీ ఉన్న సంబంధం అన్నీ మారిపోతాయి. మావోయిస్టుల్లోనూ ఇదే చూస్తాం. 2003 అక్టోబర్ 1న అలిపిరిలో ముఖ్యమంత్రి కాన్వాయ్ కోసం మందుపాతరలు పెట్టారు. 2018 సెప్టెంబర్ 23న లివిటిపుట్టు దగ్గర ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను దారిలో ఆపి కాల్చి చంపారు. భద్రత ఎంత గట్టిదో దాన్ని బట్టి ఆయుధం. ఈ విషయం మీద సీమలోనే ఒక మంచి ప్రాజెక్టు చేయవచ్చు. ఎన్నికల ముందు లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషన్లలో డిపాజిట్ చేయించుకుంటారు కదా. ఆ నెలల్లో నేరాల తీరు ఏమైనా మారుతోందా? నాకు తెలిసి ఎవరూ పద్ధతిగా చూడలేదు.

ఇక సమాచారం. అందరూ వాడేది మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం తయారుచేసిన గ్లోబల్ టెర్రరిజం డేటాబేస్. 1970 నుంచి 2020 వరకు 2 లక్షలకు పైగా ఘటనలున్నాయి, ఆయుధం రకం కూడా రాస్తారు. వాడండి, కానీ రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. అది పత్రికా వార్తల మీద ఆధారపడినది, అందుకే తుపాకీ దాడుల్లో చాలా పెద్ద భాగం "తుపాకీ రకం తెలియదు" అనే గడిలోకి వెళ్లిపోతుంది. రెండోది, ప్రధాన పట్టికలో 1993 సంవత్సరమే లేదు. తొలినాళ్ల సమాచారం ఒక ప్రైవేటు భద్రతా సంస్థ కార్డుల మీద రాసిపెట్టినది. కార్యాలయం మారేటప్పుడు ఆ ఏడాది కార్డులు పోయాయి. పాశ్చాత్యులకు అదొక చిన్న లోపం. మనకు 1993 అంటే ముంబై పేలుళ్లు, హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ హత్య. ఆ ఏడాదిని వదిలేసి గీసిన గ్రాఫు మన చరిత్రను తప్పుగా చూపిస్తుంది.

ఢిల్లీ నుంచి నడిచే సౌత్ ఏషియా టెర్రరిజం పోర్టల్ రోజువారీ ఘటనలకు మంచిది. ప్రపంచమంతటా సంఘర్షణ ఘటనలను నమోదు చేసే ఏసీఎల్ఈడీ డేటాబేస్‌లో భారత్ వివరాలు 2016 నుంచే ఉన్నాయి, తుపాకీ రకానికి అందులో ప్రత్యేక గడి లేదు. మన జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రతి ఏటా హత్యల పట్టికలు ఇస్తుంది. తుపాకీతో చంపినవి ఎన్ని, వాటిలో లైసెన్సు లేనివి ఎన్ని అని ఒకచోట ఉంటుంది, లైసెన్సు లేనివే ఎప్పుడూ అత్యధికం. రాజకీయ కారణాలతో, తీవ్రవాదంతో జరిగిన హత్యలు ఎన్ని అని మరొకచోట ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి, రాజకీయ హత్యల్లో తుపాకీతో చేసినవెన్ని అని చెప్పే పట్టిక లేదు. సమాచారమే దొరకదు అని మీ గైడు అన్నది ఇక్కడ నిజం. కానీ ఆ ఖాళీ పూరించడమే పరిశోధన కదా.

చట్టం వేసే పేరును నమ్ముకుంటే కూడా లెక్క తప్పుతుంది. చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం 15వ సెక్షన్ బాంబులతో పాటు తుపాకులనూ పేరుపెట్టి చెబుతుంది. అయినా గౌరీ లంకేశ్ కేసులో కర్ణాటక వాడింది వ్యవస్థీకృత నేరాల నియంత్రణ చట్టం. ఉగ్రవాద చట్టం కింద ఉన్న కేసులే ఏరుకుంటే, ఈ నగరం మరచిపోలేని హత్యే మీ జాబితాలోకి రాదు.

మరి అసలైన సమాచారం ఎక్కడ ఉందంటే, సెషన్స్ కోర్టు తీర్పుల్లో. ఈ-కోర్టుల వెబ్‌సైటులో తీర్పులు ఎవరైనా చదవవచ్చు. ఆయుధాల చట్టం 3వ సెక్షన్ కింద కేసు నడపాలంటే 39వ సెక్షన్ ప్రకారం జిల్లా మెజిస్ట్రేటు ముందస్తు అనుమతి కావాలి. ఆ అనుమతి కోసం పోలీసులు తుపాకీ వివరాలు పంపాలి, ఆర్మరర్ (పోలీసు శాఖలో ఆయుధాలు చూసే నిపుణుడు) దాన్ని పరీక్షించి పనిచేసే స్థితిలో ఉందో లేదో రాయాలి, ప్రయోగశాల నివేదిక రావాలి. ఈ కాగితాలన్నీ తీర్పులో సాక్షుల వాంగ్మూలాల మధ్య ప్రస్తావనకు వస్తాయి. ఎఫ్ఐఆర్‌లో "నాటు తుపాకీ" అని మాత్రమే ఉన్నచోట, ఫోరెన్సిక్ నిపుణుడి సాక్ష్యంలో క్యాలిబర్, బ్యారెల్ పొడవు, తయారీ తీరు దొరుకుతాయి. వేటగాడి మందుగుండు తుపాకీకీ, నున్నగా చెక్కిన 7.65 పిస్టల్‌కూ ఎఫ్ఐఆర్‌లో ఒకే పేరు ఉంటుంది కాబట్టి ఈ తేడా మీరే పట్టుకోవాలి. కర్ణాటక తీర్పులు కొన్ని కన్నడంలో ఉంటాయి. లిపి మనకు కొత్త కాదు, కొద్ది వారాల్లో చదివేయగలరు.

స్వాధీనం చేసుకున్న ఆయుధాల జాబితా అంటే పోలీసులు చెప్పిన మాట, అంతే. ఎదురుకాల్పుల తర్వాత చూపించే ఆయుధాల మీద మన రాష్ట్రాల్లో ఎన్ని వివాదాలు నడిచాయో మీకు తెలుసు. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో కాల్పులు జరిపిన పోలీసుల ఆయుధాలను కూడా ఫోరెన్సిక్ పరీక్షకు అప్పగించాలని ఉంది. అందుకే దొరికిన ఆయుధం, వాడినట్టు రుజువైన ఆయుధం అని రెండు వేరు గడులు పెట్టండి. పైన నేను చెప్పిన జగ్దల్‌పూర్ జాబితా మొదటి గడిలోకే వస్తుంది.

జాగ్రత్తల గురించి గట్టిగానే చెబుతున్నాను. సమాచారం కోసమని తుపాకులు అమ్మే మనుషుల దగ్గరికి, తయారుచేసే ఊళ్లకు వెళ్లకండి. పరిశోధకుడని చట్టం మినహాయింపు ఇవ్వదు, అవతలివారు అసలే ఇవ్వరు. తయారీ పద్ధతులు, మార్పులు చేసే విధానాలు తీర్పులో కనిపించినా మీ నివేదికలో రాయకండి. మీ ప్రశ్నకు వాటితో పనిలేదు. నిషేధిత సంస్థల ప్రచార సాహిత్యం కంప్యూటర్‌లో దాచుకోకండి. అవసరమైతే మీ విభాగం ద్వారా, లిఖితపూర్వక అనుమతితో, గ్రంథాలయంలోనే చూడండి. హతుల కుటుంబాలతో మాట్లాడవలసి వస్తే నైతిక సమీక్ష కమిటీ ఆమోదం తీసుకుని, వారు వద్దంటే ఆ క్షణమే వెనక్కి రండి. పావగడ వైపు మీ తెలుగు మీకు తలుపులు తెరుస్తుంది. ఆ నమ్మకాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు దేశమంతా పెట్టుకోకండి. రెండు పక్క జిల్లాలు, తుమకూరు, అనంతపురం తీసుకోండి. 2000 తర్వాత తీర్పు వెలువడిన, రాజకీయ కారణం ఉందని కోర్టే గుర్తించిన తుపాకీ హత్య కేసులు ఏరండి. ప్రతి కేసుకూ ఆయుధం రకం, క్యాలిబర్, అది ఎక్కడి నుంచి వచ్చిందని ప్రాసిక్యూషన్ చెప్పింది, దాన్ని కోర్టు నమ్మిందా లేదా, ఎన్ని తూటాలు పేలాయి, ఎంత దూరం నుంచి, హతుడికి భద్రత ఉందా, అదే ఆయుధం మరో కేసులో కనిపించిందా అని పట్టిక కట్టండి. మూలం గురించి ప్రాసిక్యూషన్ మౌనంగా ఉన్న కేసులే ఎక్కువ కనిపిస్తాయని నా అంచనా. ట్రిగ్గర్ నొక్కినవాడు దొరికితే చాలు, తుపాకీ ఇచ్చినవాడి దాకా వెళ్లక్కర్లేదన్న అలవాటు మన దర్యాప్తుల్లో ఉంది. అది ఎంత బలంగా ఉందో మీ పట్టిక మొదటిసారి చూపించవచ్చు. ముందు పదిహేను తీర్పులు చదివి, ఏ గడి ఎక్కువసార్లు ఖాళీగా మిగులుతోందో ఇక్కడే రాయండి. దాన్ని బట్టి ప్రశ్నను ఎలా మలచాలో, మీ గైడుకు ఎలా రాయాలో చెబుతాను.